లాభం వచ్చింది సరే, పైసలేవి? మీ కంపెనీ బ్యాలెన్స్ షీట్ మీరే చదువుకోవడం ఎలా

మార్చి లెక్కలు తేలి ఫైలు చేతికొచ్చాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. మొన్న జమ్మికుంట దగ్గర పీవీసీ పైపుల యూనిట్ నడిపే ఒకాయన ఇట్లా అడిగాడు: "అన్నా, 24 లక్షల లాభమని రాసిండ్రు. పన్ను గూడ కట్టిన. బ్యాంకుల చూస్తే 6 లక్షలున్నయ్. కడమ పైసలు ఏడవోయినయ్?"

జవాబు ఆయన దగ్గరున్న ఫైల్లోనే ఉంది. ఆయన మాత్రం లాభం అంకె చూశాడు, బ్యాలెన్స్ షీట్‌లో రెండు టోటళ్లు కలిశాయని చూశాడు, సంతకం పెట్టి బీరువాలో పెట్టాడు. టోటళ్లు కలవడం పెద్ద విశేషం కాదు. దొంగ బ్యాలెన్స్ షీట్‌లో కూడా కలుస్తాయి.

నేను చాలా ఏళ్లు ఒక బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేశాను. ఇప్పుడు హన్మకొండలో చిన్న కంపెనీల లెక్కలు చూసిపెడుతున్నాను. జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, గ్రానైట్, విత్తనాలు, ఏ వ్యాపారమైనా ఓనర్లు అడిగేది ఇదే కాబట్టి ఒకసారి వరసగా రాస్తున్నాను. మొదటిసారి రెండు గంటలు పడుతుంది. రెండో ఏడు అరగంట చాలు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్. అందులోనే పక్క కాలమ్‌లో పోయినేడు అంకెలుంటాయి.
- దాని వెనకాల ఉండే నోట్స్. అసలు సరుకంతా అక్కడే. నోట్స్ లేకుండా రెండు పేజీలు మాత్రమే ఇస్తే తీసుకోకండి.
- లాభనష్టాల ఖాతా, ఆడిటర్ రిపోర్టు.
- మార్చి, ఏప్రిల్, మే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు.
- మార్చి నెలకు మీరు బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్.
- తెల్ల కాగితం, పెన్సిల్, క్యాలిక్యులేటర్. ఎక్సెల్ వద్దు. చేత్తో రాస్తేనే అంకె బుర్రకెక్కుతుంది.

సిద్ధాంతం ఒక్క ముక్కే చెప్తాను. మార్చి 31 రాత్రి షట్టర్ దించేటప్పుడు కంపెనీలో ఉన్న వస్తువులు, రావాల్సిన పైసలు ఒకవైపు. అవి ఎవరి సొమ్ముతో వచ్చాయన్నది ఇంకోవైపు: మీ సొమ్మెంత, బ్యాంకుదెంత, సరుకిచ్చినవాళ్లదెంత. అంతే. ఏప్రిల్ 1న ఏం జరిగిందో ఈ కాగితానికి తెలియదు.

1. అంకెల జోలికి పోకముందు చూడాల్సినవి

తేదీ చూడండి. పైన కుడివైపు మూలలో 'లక్షల్లో' అని ఉందా, 'వేలల్లో' అని ఉందా, రూపాయల్లోనా చూడండి. నవ్వొస్తుంది గాని, పోయినేటి కాగితం రూపాయల్లో, ఈ ఏటిది వేలల్లో ఉంటే పక్కపక్కన పెట్టి కంగారుపడ్డవాళ్లను నేను చూశాను.

తర్వాత అది ఆడిట్ అయినదా, ప్రొవిజనలా చూడండి. ప్రొవిజనల్ అంటే ఇంకా తేలని లెక్క. లోను కోసం మే నెలలో ఇచ్చిన ప్రొవిజనల్‌కూ సెప్టెంబరులో వచ్చిన ఆడిట్ కాపీకీ తేడా ఉంటే బ్యాంకువాళ్లు ముందుగా పట్టుకునేది దాన్నే.

ఆడిటర్ సంతకం కింద యూడీఐఎన్ అని 18 అక్షరాలు, అంకెల నంబరు ఉండాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ పెట్టిన వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే నిజమైనదో కాదో తేలిపోతుంది. మీ సొంత ఫైలుకు కాకపోయినా, ఉద్దెర అడుగుతూ ఎవరైనా తమ బ్యాలెన్స్ షీట్ చూపిస్తే ఇది తప్పకుండా చేయండి.

ఆడిటర్ రిపోర్టులో 'అభిప్రాయం' అన్న పేరా ఒక్కటీ చదవండి. 'ఫలానాది మినహా' అన్న మాట కనిపిస్తే ఆగండి. దాన్ని క్వాలిఫైడ్ రిపోర్టు అంటారు. ఆ మినహా తర్వాత రాసిన వాక్యమే మీ ఫైలు మొత్తంలో ముఖ్యమైన వాక్యం.

2. రెండు పేజీలను పదమూడు లైన్లుగా కుదించండి

2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూల్ ప్రకారం పైన మూలధనం, అప్పులు వస్తాయి, కింద ఆస్తులు వస్తాయి. తలకిందులుగా ఉందని భయపడకండి. తెల్లకాగితం మీద రెండేళ్ల అంకెలు పక్కపక్కన దించండి. జమ్మికుంట ఆయన అనుమతితో, ఆనవాళ్లు మార్చి, అంకెలు సాపు చేసి ఇక్కడ పెడుతున్నాను. అన్నీ లక్షల్లో. మొదటిది పోయినేడు, రెండోది ఈ ఏడు.

ఎవరి సొమ్ము:
- షేర్ క్యాపిటల్: 50, 50
- రిజర్వులు (ఇన్నేళ్లుగా మిగిలిన లాభం): 118, 142
- టర్మ్ లోను (ఏళ్లలో కిస్తులుగా తీర్చేది): 75, 60
- డైరెక్టర్లు పెట్టిన చేబదులు: 40, 40
- బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్, సరుకు తిప్పుకోవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు): 110, 148
- సరుకిచ్చినవాళ్లకు ఇవ్వాల్సింది: 82, 96
- ఇతర బాకీలు, ఏడాది లోపు కట్టాల్సిన టర్మ్ లోను కిస్తులతో కలిపి: 20, 24
- టోటల్: 495, 560

ఎక్కడున్నాయి:
- షెడ్డు, మిషన్లు, భూమి: 176, 170
- డిపాజిట్లు: 12, 12
- స్టాకు: 118, 150
- ఉద్దెర, అంటే మనకు రావాల్సింది: 140, 188
- అడ్వాన్సులు: 28, 34
- చేతిలో, బ్యాంకులో: 21, 6
- టోటల్: 495, 560

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, ఈ ఏటి కాలమ్ ఒక్కటే రాయడం. ఒక్క ఏడాది అంకె మూగది. పక్కన పోయినేటిది పెడితేనే అది మాట్లాడుతుంది.

ఇంకో పొరపాటు భూమి దగ్గర జరుగుతుంది. ములుగు రోడ్డు పక్కన ఇరవై ఐదేళ్ల కింద కొన్న స్థలం బ్యాలెన్స్ షీట్‌లో కొన్న ధరకే ఉంటుంది. ఇప్పటి రేటు వేరే సంగతి. 'మా ఆస్తి ఇంతేనా' అని సీఏ మీద కోపం తెచ్చుకోకండి. రేటు పెంచి రాసుకున్నా, ఆ పెంచిన మొత్తాన్ని మీ సొంత సొమ్ము లెక్కించేటప్పుడు బ్యాంకు తీసేస్తుంది.

3. తేడాలు రాయండి. ఇదే అసలు పని

ఈ ఒక్క మెట్టు సరిగ్గా ఎక్కితే మిగతావి ఎక్కకపోయినా ఫరవాలేదంటాను.

ప్రతి లైనుకూ ఈ ఏటి అంకెలోంచి పోయినేటిది తీసేయండి. రెండు జాబితాలు వేయండి: పైసలు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎక్కడికి పోయాయి. అప్పు పెరిగితే పైసలు వచ్చినట్టు. స్టాకు, ఉద్దెర పెరిగితే పోయినట్టు. లాభానికి డిప్రిసియేషన్ (షెడ్డు, మిషన్ల ఏడాది అరుగుదల) కలపాలి. ఎందుకంటే దాన్ని ఖర్చుగా రాశారు గాని ఆ డబ్బు ఎవరి చేతికీ ఇవ్వలేదు.

వచ్చినవి: పన్ను పోగా లాభం 24, డిప్రిసియేషన్ 16, సీసీలో అదనంగా వాడింది 38, సప్లయర్ల దగ్గర పెరిగిన బాకీ 14, ఇతర బాకీలు 4. మొత్తం 96.

పోయినవి: ఉద్దెర 48, స్టాకు 32, అడ్వాన్సులు 6, కొత్తగా కొన్న అచ్చులు 10, టర్మ్ లోను కిస్తులు 15. మొత్తం 111.

తేడా 15. బ్యాంకు నిల్వ 21 నుంచి 6కు పడింది కదా, సరిగ్గా ఆ 15. ఈ అంకె కలిసిందంటే మీ లెక్క సరైనట్టే. కలవలేదంటే మూడు చోట్ల వెతకండి: డిప్రిసియేషన్ కలపడం మర్చిపోయారా, మిషన్ల లైన్లో తగ్గిన 6 నేరుగా రాసేసి, కొన్న 10, తరిగిన 16 విడివిడిగా చూపలేదా, డివిడెండు గాని ఆస్తి అమ్మకం గాని నోట్స్‌లో ఉందా.

ఇప్పుడు ఆయన ప్రశ్నకు జవాబు చూడండి. వ్యాపారం నిజంగానే 40 లక్షలు సంపాదించింది. అవి ఎక్కడికీ పోలేదు. హుజూరాబాద్‌లో, పరకాలలో, భూపాలపల్లిలో డీలర్ల షాపుల్లో కూర్చున్నాయి. అవి చాలక బ్యాంకు దగ్గర ఇంకో 38 తెచ్చి, మిగతా ఉద్దెరకూ స్టాకుకూ పెట్టాడు. బ్యాంకుకు మిత్తి ఈయన కడుతున్నాడు, డీలర్లు మిత్తి లేకుండా వాడుకుంటున్నారు. చెప్పగానే ఫోన్లో కాసేపు మాట లేదు.

కొన్ని ఫైళ్లలో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అని ఉంటుంది. ఈ లెక్కే అక్కడ వేసి ఉంటుంది. చట్టప్రకారం చిన్న కంపెనీలకు అది తప్పనిసరి కాదు, కాబట్టి మీ ఫైల్లో ఉండకపోవచ్చు. ఉన్నా సరే, ఒకసారి చేత్తో వేయండి.

4. ఉద్దెరను వయసువారీగా విడగొట్టండి

అమ్మకం 840 నుంచి 920కి పెరిగింది, అంటే తొమ్మిదిన్నర శాతం. ఉద్దెర 34 శాతం పెరిగింది. అమ్మకంతో పాటు ఉద్దెర పెరగడం మామూలే. అంతకు మూడింతలు పెరిగితే సరుకు అమ్మినట్టు కాదు, పంచిపెట్టినట్టు.

ఎన్ని రోజుల ఉద్దెరో లెక్క కట్టండి: ఉద్దెరను ఏడాది అమ్మకంతో భాగించి 365తో గుణించాలి. ఇక్కడ ఒక తప్పు అకౌంటెంట్లు కూడా చేస్తారు. ఉద్దెర అంకెలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకం అంకెలో ఉండదు. పీవీసీ పైపుల మీద 18 శాతం కాబట్టి 920ని 1.18తో గుణిస్తే సుమారు 1,086. ఆ లెక్కన ఈ ఏడు 63 రోజులు, పోయినేడు 52 రోజులు. జీఎస్టీ కలపకుండా వేస్తే 75 వచ్చి గుండె గుభేలుమంటుంది. రెండేళ్లకూ ఒకే పద్ధతి వాడితే చాలు.

సగటు చూసి ఊరుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలు నోట్స్‌లో ఉద్దెరను వయసువారీగా చూపించాలి. ఈయనది ఇలా ఉంది: ఆరు నెలల లోపు 118, ఆరు నెలల నుంచి ఏడాది 18, ఏడాది నుంచి రెండేళ్లు 30, రెండు నుంచి మూడేళ్లు 14, మూడేళ్లు దాటినవి 8. ఏడాది దాటినవే 52 లక్షలు. ఆ ఏటి లాభానికి రెండింతలకు పైనే.

మూడేళ్ల గీత దగ్గర జాగ్రత్త. బాకీ వసూలుకు కోర్టుకెళ్లాలంటే మామూలుగా గడువు మూడేళ్లు. ఆ గడువు తీరకముందే బాకీదారు 'ఇంత ఇవ్వాలి' అని రాసి సంతకం పెట్టినా, కొంత కట్టి దానికి రాతపూర్వకంగా ఆధారం ఉన్నా, గడువు మళ్లీ మొదలవుతుంది. తీరిపోయాక తీసుకున్న సంతకంతో అది రాదు. అందుకే రెండేళ్లు దాటిన ప్రతి బాకీకి ఈ వారమే బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఉత్తరం పంపి సంతకం తెప్పించుకోండి. 'మనోడే, ఏం కాదు' అంటారు. మనోడే కాబట్టి సంతకం సులువుగా పెడతాడు, ఇప్పుడే అడగండి.

ప్రభుత్వ పనులు, సింగరేణి పనులు చేసే కాంట్రాక్టర్లు ఇంకో పని చేయాలి. పట్టిపెట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఉద్దెరలో కలిసిపోయి ఉంటే విడదీయండి. అది పోయే డబ్బు కాదు గాని, రేపటికి అందే డబ్బూ కాదు.

5. స్టాకు దగ్గర సీజన్ గుర్తుపెట్టుకోండి

మన దగ్గరి వ్యాపారాలకు మార్చి 31 ఒకటే రకం రోజు కాదు. పత్తి అక్టోబరు నుంచి వస్తుంది కాబట్టి మార్చికి జిన్నింగ్ మిల్లు సీజన్ చివర్లో ఉంటుంది. అప్పుడు కూడా గోదాం నిండా బేళ్లు ఉన్నాయంటే రేటు కోసం ఆగారా, కొనేవాళ్లు లేరా అని అడగాలి. మిర్చి వ్యాపారికి అదే రోజు ఎనుమాముల మార్కెట్ నిండుగా ఉండే కాలం. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఎక్కువుండటం సహజం. పైపుల యూనిట్‌కు వానాకాలం పంట ముందర, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అమ్మకం, కాబట్టి మార్చిలో స్టాకు పెట్టుకోవాల్సిందే. అందుకే పక్క వ్యాపారంతో పోల్చకండి. మీ మార్చిని మీ మార్చితోనే పోల్చండి.

రైస్ మిల్లు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మర ఆడించి ఇవ్వమని ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మీ గోదాంలో ఉన్నా అవి మీ స్టాకు కావు. బ్యాలెన్స్ షీట్‌లోకి రాకూడదు, బ్యాంకుకిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లోకి అసలే రాకూడదు.

తర్వాత స్టాక్ స్టేట్‌మెంట్ తీసి పక్కన పెట్టండి. మార్చికి బ్యాంకుకు 171 అని ఇచ్చి, బ్యాలెన్స్ షీట్‌లో 150 ఉందనుకోండి, ఆ 21 లక్షలకు మీరే జవాబు చెప్పుకోవాలి. స్టాకు, ఉద్దెరల తాకట్టు మీద లోను తీసుకున్న కంపెనీలు బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలిశాయో లేదో నోట్స్‌లో చెప్పాలి, కాబట్టి దాచినా దాగదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. లోన్ల సెక్షన్లో కొత్తగా చేరినప్పుడు ఒక పార్టీ స్టాకు అంకె బ్రహ్మాండంగా ఉందని రెన్యువల్‌కు రాసేశాను. మూడు నెలలకు తనిఖీకి పోతే ముందు వరస బస్తాలు నిండుగా ఉన్నాయి, వెనక వరసల్లో ఊక. అంకె చూసి గోదాం చూడకపోవడం నా తప్పు. అప్పటి నుంచి వెనక వరస చూడకుండా సంతకం పెట్టలేదు. మీ గోదాంలోనూ ఏడాదికొకసారి వెనక వరసదాకా మీరే వెళ్లండి. ఈ పైపుల యూనిట్‌లో అలా వెళ్తే ఎండకు రంగుపోయి, ఎవరూ అడగని సైజుల పైపులు 20 లక్షల విలువైనవి బయటపడ్డాయి.

6. కరెంట్ రేషియో వేయండి, తర్వాత నిజమైన కరెంట్ రేషియో వేయండి

ఏడాది లోపు చేతికొచ్చే ఆస్తులను ఏడాది లోపు కట్టాల్సిన బాకీలతో భాగించాలి. స్టాకు 150, ఉద్దెర 188, అడ్వాన్సులు 34, నగదు 6 కలిపితే 378. సీసీ 148, సప్లయర్లు 96, ఇతరాలు 24 కలిపితే 268. భాగిస్తే 1.41. బ్యాంకులు టాండన్ కమిటీ (వ్యాపార లోన్ల లెక్కల మీద రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ) కాలం నుంచి చూసే గీటురాయి 1.33. దాటింది. ఆయన హ్యాపీ.

ఇప్పుడు రావని తెలిసినవి తీసేయండి. ఏడాది దాటిన ఉద్దెర 52 తీస్తే 326, రేషియో 1.22. కదలని స్టాకు 20 తీస్తే 306, రేషియో 1.14. అడ్వాన్సుల నోట్ తిప్పితే 14 లక్షలు బామ్మర్ది వ్యాపారానికి ఇచ్చినవి. అవి కూడా తీస్తే 292, రేషియో 1.09. అంటే వంద రూపాయల బాకీకి చేతిలో నూట తొమ్మిది, అందులో దాదాపు అంతా స్టాకు, ఉద్దెరే ఉంటుంది గాని నగదు ఉండదు. ఏడాదంతా ఆయనకు టెన్షన్ ఎందుకో ఈ అంకె చెప్తుంది, 1.41 చెప్పదు.

హెచ్చరిక: ఈ సవరించిన రేషియో మీ కోసం, మీ తెల్లకాగితం కోసం. బ్యాంకు కూడా ఇలాంటిదే వేస్తుంది. చాలా బ్యాంకులు 90 రోజులు దాటిన ఉద్దెరను లెక్కలోకే తీసుకోవు, మిగిలినదాంట్లో కొంత మార్జిన్‌గా కోసి డ్రాయింగ్ పవర్ (సీసీలో ఎంతదాకా తీసుకోవచ్చన్న హద్దు) ఇస్తాయి. లిమిట్ పెంచమని అడగబోయే ముందు ఈ లెక్క మీరు వేసుకుంటే మేనేజర్ ముందు నీళ్లు నమలాల్సిన పని ఉండదు.

7. అప్పుల వైపు మూడు పరీక్షలు

మొదటిది, ఏ పైసలు ఎక్కడ పెట్టారు. సీసీ అంటే సరుకు తిప్పుకోవడానికి ఇచ్చిన డబ్బు. దాంతో షెడ్డు వేసినా, హన్మకొండలో ఇంటి మీద అంతస్తు వేసినా, సీజన్లో సరుకు కొనడానికి చేతులు ఆడవు. పరీక్ష సులువే: షేర్ క్యాపిటల్, రిజర్వులు, టర్మ్ లోను, డైరెక్టర్ల చేబదులు కలపండి. అది షెడ్డు, మిషన్లు, డిపాజిట్ల కంటే ఎక్కువుండాలి. ఇక్కడ 292, ఇటు 182. ఈ విషయంలో ఆయన శుభ్రంగా ఉన్నాడు.

రెండోది, బయటి అప్పులు మీ సొమ్ముకు ఎన్నింతలు. షేర్ క్యాపిటల్, రిజర్వులు కలిపి సొంత సొమ్ము 192, టోటల్ 560లో మిగిలిన 368 బయటి అప్పులు. 368ని 192తో భాగిస్తే 1.92. డైరెక్టర్ల 40 లక్షలను లోను తీరేదాకా వెనక్కి తీసుకోబోమని బ్యాంకుకు రాసిస్తే, చాలాసార్లు వాటిని సొంత సొమ్ము కిందే లెక్కేస్తారు. అప్పుడు 328ని 232తో భాగిస్తే 1.41. ఒక్క కాగితంతో రేషియో మారిపోయింది. అయితే రాసిచ్చాక ఆ 40 ముట్టుకోకూడదు. పిల్ల పెళ్లి ఉందని తీస్తే మాట పోతుంది.

మూడోది నాకు ఇష్టమైన పరీక్ష. లాభనష్టాల ఖాతాలో మిత్తి ఖర్చు 28 లక్షలు. బ్యాంకు అప్పు రెండు మార్చిల సగటు (సీసీ, టర్మ్ లోను, కిస్తులు కలిపి) సుమారు 211. బ్యాంకు రేటు పదిన్నర శాతం. ఆ లెక్కన మిత్తి 22 దాటకూడదు. మిగిలిన ఆరు లక్షలు ఎవరికి కట్టారు? కొంత ప్రాసెసింగ్ ఫీజులు కావచ్చు. సీసీ మార్చి 31 నాటికి మాత్రం తగ్గించి, ఏడాదంతా అంచుదాకా వాడి ఉండొచ్చు. లేదంటే సీజన్లో బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి, మార్చి లోపు తీర్చేసి ఉండొచ్చు. అరకోటి ఆరు నెలలు తెస్తే ఆరు లక్షలే అవుతుంది. అడిగితే ఆయన నవ్వాడు. బయటి వ్యక్తుల నుంచి కంపెనీ పేరు మీద చేబదులు తేవడం కంపెనీల చట్టంలో డిపాజిట్ల నిబంధనలకు తగులుతుంది, సీఏను అడగకుండా చేయకండి.

సప్లయర్ల బాకీ దగ్గర ఒకటే చూడండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదార్లకు ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. 2023-24 నుంచి, ఆ గడువు దాటి మార్చి 31 నాటికి మిగిలిన బాకీని ఆదాయపు పన్నులో ఖర్చుగా ఆ ఏడు ఒప్పుకోరు. కట్టిన ఏడాదిలోనే ఒప్పుకుంటారు. చేతికి రాని లాభం మీద పన్ను కట్టడమంటే ఇదే.

8. ఎదుటివాడి బ్యాలెన్స్ షీట్ చూడాలంటే

పెద్ద ఉద్దెర ఇవ్వబోయే ముందు చూడొచ్చు, అడగనక్కరలేదు. ఎదుటిది ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో లాగిన్ అయి, 'వ్యూ పబ్లిక్ డాక్యుమెంట్స్'లో కంపెనీ పేరు వెతికి, 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు తెరుచుకుంటాయి. ఏఓసీ-4 అన్న ఫారం వెతకండి, బ్యాలెన్స్ షీట్ దానికే జతచేసి ఉంటుంది. తెరుచుకోగానే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ వెసులుబాటు ఎల్లకాలం ఉండదు. భాగస్వామ్య సంస్థ, సొంత పేరు మీద షాపు అయితే ఈ దారి లేదు. అప్పుడు మార్కెట్లో అడగడమే, లేదా జీఎస్టీ పోర్టల్‌లో వాళ్లు రిటర్నులు సమయానికి వేస్తున్నారో లేదో చూడటమే.

ముందు చూడాల్సింది అంకె కాదు, చివరి ఏఓసీ-4 ఎప్పుడు వేశారన్నది. రెండేళ్లుగా వేయలేదంటే మిగతాది చదవనక్కరలేదు. తర్వాత వాళ్లు సప్లయర్లకు ఇవ్వాల్సిన బాకీ వయసు చూడండి. ఇతరులకు ఏడాది దాకా ఇవ్వనివాడు మీకు మాత్రం ముప్పై రోజుల్లో ఇస్తాడా?

బ్యాంకు నిల్వ ఎక్కువుందని కూడా మురిసిపోకండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లేఖ రాసి, 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివని ఒప్పుకున్నారు. అంత పెద్ద కంపెనీలోనే, అంత తేలిగ్గా కనిపించే లైన్లోనే అబద్ధం దాగింది. మీ సొంత కంపెనీలో అయినా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మార్చి 31 నిల్వను, ఎఫ్‌డీ రసీదులను బ్యాలెన్స్ షీట్‌తో మీ కళ్లతో కలపండి. ఏప్రిల్, మే స్టేట్‌మెంట్లు ఎందుకు తెమ్మన్నానంటే, మార్చి 30న వచ్చి ఏప్రిల్ 3న వెళ్లిపోయిన పెద్ద మొత్తాలు వాటిలోనే దొరుకుతాయి.

9. చదివాక ఏం చేయాలి

ప్రతి నెలా 5వ తారీఖున ఆరు అంకెలు మీ డైరీలో రాయండి: బ్యాంకు, ఉద్దెర, అందులో 90 రోజులు దాటింది, స్టాకు, సీసీ, సప్లయర్ల బాకీ. అకౌంటెంట్‌ను వాట్సాప్‌లో పెట్టమంటే పది నిమిషాల పని. మార్చి దాకా ఆగితే తెలిసేది పోస్ట్‌మార్టమే.

ఉద్దెరకు డీలర్‌వారీగా హద్దు పెట్టండి. జమ్మికుంట ఆయన చేసింది ఇది: పాత బాకీలో ప్రతి నెలా కొంత కడితేనే కొత్త లోడ్ అన్నాడు. ఇద్దరు డీలర్లు పక్క కంపెనీకి పోయారు. ఆ ఇద్దరి దగ్గరే 19 లక్షలున్నాయి కాబట్టి ఆయనకు కొన్నాళ్లు నిద్ర పట్టలేదు, నాకూ ఫోన్లు తప్పలేదు. మిగతావాళ్లు గొణుగుతూనే కడుతున్నారు. కొత్త మిషన్ కొందామన్న ఆలోచన మాత్రం ఈ ఏటికి పక్కన పెట్టాడు.

చివరగా తరచూ అడిగేది: "ఇవన్నీ సంతకం పెట్టేశాక చూస్తే ఏం లాభం?" నిజమే. అందుకే సీఏ గారిని ముందే డ్రాఫ్ట్ అడగండి. వార్షిక సమావేశం సెప్టెంబరు 30 లోపు జరగాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 వేయాలి. ఆగస్టు మొదట్లో డ్రాఫ్ట్ చేతికొస్తే, రాని బాకీలకు ఎంత పక్కన పెట్టాలి, బామ్మర్ది అడ్వాన్సు ఏం చేయాలి అన్నవి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. సెప్టెంబరు 28 సాయంత్రం ఆయన టేబుల్ మీద నలభై ఫైళ్లుంటాయి, మీది నలభై ఒకటోది.